మూడు కోతలకూ పండని కాయ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు. కొడుకులు ముగ్గురున్నారు గనక మనకి కథ దొరికింది. కూతురు ఉంది గనక ఆ కథకి కష్టం వచ్చిపడింది. రాజు పేరు రత్నబాహుడు, ఊరు వెండికోట, కూతురు హేలావతి. ఆ పిల్ల నవ్విందంటే అంతఃపురంలో పనివాళ్ళు చేతిలో పని ఆపి, ఎందుకో తెలియకపోయినా తామూ నవ్వేవారు.

ఒకరోజు కొలువుకి ఒక మాంత్రికుడు వచ్చాడు. జడలన్నీ మసి, ఒళ్ళంతా మసి, వేసుకున్న గోచీ కూడా మసే. మసిజడల మాంత్రికుడని అందరూ అనేవారు. వచ్చీ రాగానే "నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యి" అన్నాడు. రాజు నోరు తెరిచేలోపే హేలావతి పకపకా నవ్వింది.

మాంత్రికుడికి ఒళ్ళు మండింది. సంచిలోంచి గుప్పెడు బూడిద తీసి ఆమె మీదికి ఊదాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆ పిల్లకి ఒక ఆవలింత వచ్చింది. రెండో ఆవలింతకి కళ్ళు మూతపడ్డాయి. మూడో ఆవలింతకి తండ్రి ఒళ్ళో పడి నిద్రపోయింది.

"పూల వాన పడే రోజున వచ్చి ఎత్తుకుపోతాను. ఈలోగా నన్ను చంపగలిగితే చంపుకోండి" అని చెప్పి వాడు వెళ్ళిపోయాడు.

పూల వానంటే ఏమిటంటారా, పిల్లలూ? మామిడి పిందెలు పడే రోజుల్లో, ఎండలు ముదరకముందే, ఉరుముతూ వచ్చి ఒక్క పూట కురిసి పోతుంది చూశారా, ఆ వాన. అది పడిన పది రోజులకి కొండల మీద కాఫీ చెట్లన్నీ తెల్లగా పూస్తాయి. అందుకని దానికా పేరు. అప్పటికి దానికింక మూడు నెలలే ఉంది. రాజుకి తిండి సహించలేదు. రోజుకి పదిసార్లు డాబా ఎక్కి ఆకాశం చూసేవాడు. ఎక్కడైనా చిన్న మబ్బు కనబడితే చాలు, కిందికి పరుగెత్తి కూతురు మంచం పక్కన కూర్చునేవాడు.

మాంత్రికుల ప్రాణం ఎక్కడుంటుందో మీకూ తెలుసు, రాజుగారికీ తెలుసు. చిలకలో. అన్నదమ్ములు ముగ్గురూ ఓడ ఎక్కి, ఏడు సముద్రాలు దాటి, మాంత్రికుడు ఇంట లేని వేళ చూసి, బంగారు పంజరంలో చిలకని పట్టుకున్నారు. పెద్దవాడు జయకేతు దాని మెడ మీద వేళ్ళు పెట్టాడు.

"కాస్త ఆగు నాయనా. నాలో తిన్న జామపండు తప్ప ఏమీ లేదు" అంది చిలక. "మీలాంటి వాళ్ళు వస్తారనే వాడు నన్నిక్కడ కూర్చోబెట్టాడు. నాకంటే ముందు పదకొండు చిలకల మెడలు విరిచారు. ప్రతిసారీ వాడు పొట్ట పట్టుకుని నవ్వుకున్నాడే గాని వాడికి తుమ్ము కూడా రాలేదు."

"మరి వాడి ప్రాణం ఎక్కడుంది?" అని చిన్నవాడు సోమకేతు అడిగాడు.

"ఏడు మలుపుల కొండ మీద అడవి కాఫీ చెట్లున్నాయి. అందులో ఏదో చెట్టున, ఏదో కాయలో దాచాడు. అక్కడి మనుషులు దాన్ని కోయరట, బయటి మనుషులు దాన్ని పోల్చుకోలేరట. కల్లు తాగినప్పుడల్లా అదే చెప్పుకుంటాడు. నాకు తెలిసింది అంతే. నన్ను మాత్రం ఇక్కడ వదిలేసి పోకండి."

వాళ్ళు తిరిగి వెండికోట చేరేసరికి నెల గడిచిపోయింది. ముందు జయకేతు బయల్దేరాడు. కొండకి పోయి, కొమ్మ మొదట్లో పిడికిలి బిగించి చివరిదాకా ఒక్క లాగు లాగాడు. పండూ, కాయా, ఆకూ అన్నీ చేతిలోకి ఊడొచ్చాయి. అలా రెండు చెట్లు దూశాడు. మూడో చెట్టు దగ్గర, నిలబడ్డవాడు నిలబడ్డట్టే నిద్రపోయాడు. బంట్లు డోలీ కట్టి ఇంటికి మోసుకొచ్చారు.

తర్వాత నడిపివాడు విజయకేతు వెళ్ళాడు. "ఇంత నీడలో కాయ ఎలా కనబడుతుంది?" అని కాఫీ చెట్లకి గొడుగు పట్టినట్టున్న పెద్ద చెట్లు పదకొండు కొట్టించాడు. ఎండ సూటిగా పడింది. మూడు రోజుల్లో కింద కాఫీ ఆకులు వాడి, కాయలు పచ్చివి పచ్చివిగానే రాలాయి. రాలినవి దోసిట్లోకి ఎత్తుకున్నాడు, ఎత్తుకున్నవాడు అక్కడే ఒరిగిపోయాడు. రెండో డోలీ వచ్చింది. అంతఃపురంలో ఇప్పుడు మూడు మంచాలు వరసగా ఉన్నాయి.

రాజు ఆ మూడు మంచాల మధ్య నిలబడి ఒక నిర్ణయానికి వచ్చాడు. "అడవి మొత్తం తగలబెడతాను. అడవి కాలితే కాయ కాలుతుంది. కాయ కాలితే వాడు చస్తాడు. నూనె, కాగడాలు సిద్ధం చెయ్యండి."

సోమకేతు తండ్రి ఎదుటికి వచ్చాడు. "నాన్నగారూ, నాకు ఇరవై రోజులు ఇవ్వండి."

"ఇస్తాను. ఇరవయ్యో రోజున నేనే వస్తాను. నువ్వు కూడా డోలీలో వస్తే నాకిక మిగిలేదెవరో, అది కూడా ఆలోచించుకో" అన్నాడు రాజు. ఆ మాట అన్నాక కొడుకు మొహం చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు.

సోమకేతు చిలకని భుజం మీద పెట్టుకుని, ఆరు మలుపులు ఎక్కి ఏడో మలుపు దగ్గర ఆగాడు. అక్కడ దారికి అడ్డంగా ఒక పడుచుపిల్ల నిలబడి ఉంది. పేరు సొనాయి. చేతిలో కొడవలి, కళ్ళలో కోపం.

"మూడో రాజుబాబువి నువ్వేనా? నువ్వేటి చేద్దారనొచ్చావు? ఒకడు దూసేశాడు, ఒకడు నరికేశాడు. నీ వంతుకి ఏటి మిగిలింది?"

"ఏం చెయ్యకూడదో మీరు చెప్తే తెలుసుకుందామని వచ్చాను" అన్నాడు సోమకేతు.

ఆ మాటకి సొనాయి కొడవలి దించింది. అతన్ని అన్నగారు నరికించిన చోటికి తీసుకుపోయింది. నేల మీద మానులు పడి ఉన్నాయి. వాటి పక్కన, బోలుగా తొలిచిన మూడు దుంగలు పగిలి ఉన్నాయి. అవి తేనెటీగల గూళ్ళు. ఆ కొండ మీద ఏ వాలు ఏ ఇంటివాళ్ళ కాపలాలో ఉందో చెప్పేవి ఆ దుంగలే. వాలులో ఎవరు దుంగ కడితే ఆ వాలుకి వాళ్ళే పూచీ. దుంగలో ఈగలున్నంతకాలం ఆ చెట్టు మీద గొడ్డలి పడకూడదు.

"మా అమ్మ కట్టిన దుంగలవి" అంది సొనాయి. సోమకేతు తల వంచుకున్నాడు.

సొనాయి వాళ్ళ అవ్వ ఆ కొండకంతటికీ పెద్ద. ఆమె అతన్ని గుడిసె ముందు కూర్చోబెట్టి, మూకుట్లో వేయించి దంచిన కాఫీ గింజల కషాయం సొరకాయ బుర్రలో పోసి ఇచ్చింది. అతను ఒక గుక్క తాగాడు. నాలుగు రోజుల నడక బడలిక ఒక్కసారిగా దిగిపోయింది.

"చూడు బాబూ" అంది అవ్వ. "పచ్చి కాయలో నిద్ర ఉంటాది. పండితేనే అది మెలకువగా మారతాది. పచ్చిది తెంపితే ఆ నిద్ర మనకి అంటుకుంటాది. అందుకే మేం పచ్చిది ముట్టం. ఏడాదికి మూడు కోతలు. ఎర్రగా పండినవే కోస్తాం, మిగతావి వచ్చే కోతకి వదిలేస్తాం. మూడో కోత అయ్యాక మిగిలినవి పిట్టలకీ పునుగుపిల్లులకీ. మొన్ననే మూడో కోత అయిపోనాది."

అప్పుడు చిలక తనకి తెలిసిందంతా చెప్పింది. అక్కడి మనుషులు కోయరు, బయటివాళ్ళు పోల్చుకోలేరు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అవ్వ చేతిలో బుర్ర కింద పెట్టేసింది.

"నా చిన్నప్పుడు" అంది, "మా అమ్మతో కోతకెళ్ళాను. ఒక పచ్చి కాయ కనబడింది. వచ్చే కోతకి పండుతాదిలే అంది మా అమ్మ. వచ్చే కోతకీ పండలేదు. మూడో కోతకీ పండలేదు. పోన్లే, పిట్టలు తింటాయి అంది. తర్వాత నేనూ నా కూతురుతో అదే మాటన్నాను. అదీ ఈ పిల్లతో అదే అనుంటాది. కోసినవే చూశాం బాబూ. వదిలేసినవాటిని మళ్ళీ తిరిగి చూసినవాళ్ళం కాదు. మేం కొయ్యమని తెలిసే వాడు అక్కడ పెట్టాడు."

"ఏ చెట్టవ్వా?" అని సోమకేతు ఆత్రంగా అడిగాడు.

"అదే గుర్తు రాట్లేదు. మా వాలులోదే. మా వాలులో నాలుగొందల చెట్లున్నాయి."

సోమకేతు లేచి వాలు వైపు చూశాడు. ఆ నాలుగొందల చెట్ల మీద మిగిలిన పచ్చి కాయలు కొల్లలుగా ఉన్నాయి. అందులో ఒక్కటి వాడిది. ఇంతలో సొనాయి లేచి బుట్ట నడుముకి కట్టుకుంది.

"మామూలు కాయ ఎప్పటికైనా పండుతాది. వాడిది పండదు. రోజూ తిరుగుదాం. పండినవి పండినట్టు కోసేద్దాం. ఆఖరికి ఏది మిగిలితే అది వాడిది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"కాయని తొందరపెట్టగలనా ఏటి?" అంది సొనాయి.

మొదట నరికిన చోట పని పట్టారు. ఎండకి కాయలు రాలిపోతుంటే, రాలినవాటిలో వాడిది కలిసిపోయిందంటే ఇక దొరకదు. సోమకేతు వెదుళ్ళు మోసుకొచ్చి, ఆకుల కొమ్మలు కప్పి, ఒక్కొక్క కాఫీ చెట్టుకీ పందిరి వేశాడు. పట్టుపరుపుల మీద పెరిగిన భుజాలు, రెండు రోజుల్లో తోలు లేచిపోయాయి. కొండవాళ్ళు దూరంనుంచే చూసేవారు. మూడో రోజున మాత్రం ఒకాయన వచ్చి కట్టు ఎలా బిగించాలో చూపించి పోయాడు.

తర్వాత కోత. "రెండు వేళ్ళతో పట్టి మెల్లిగా తిప్పు. వస్తే పండినట్టు. కొమ్మని పట్టుకునుంటే వదిలెయ్యి" అని సొనాయి నేర్పింది. చిలక కొమ్మ మీద కూర్చుని "పచ్చి, పచ్చి, చెయ్యి తియ్యి" అని అరుస్తూ ఉండేది. ఒకసారి సోమకేతు చెయ్యి తొందరపడి ఒక పచ్చి కాయ సగం ఊడింది. అంతే, మోచేతిదాకా తిమ్మిరెక్కి సాయంత్రందాకా ఆ చెయ్యి అతనిది కానట్టే వేలాడింది. ఆ రోజు అతనికి అన్నం సొనాయే పెట్టింది. పెడుతూ తిట్టింది కూడా.

రోజూ లెక్క చూసుకునేవారు. పదో రోజుకి తొమ్మిది వందల కాయలు మిగిలాయి. పదిహేనో రోజుకి మూడు వందలు. సోమకేతుకి కాయల కంటే ఎక్కువగా ఆకాశం మీదే చూపుండేది. గాలి మారినా ఉలిక్కిపడేవాడు. పండకుండా ఉన్న కాయ దగ్గరికి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి, "పండవే తల్లీ" అని బతిమాలేవాడు.

ఇరవయ్యో రోజున రాజు వచ్చాడు. వెనక మూడు వందలమంది సైనికులు, నూనె కుండలు, కాగడాలు. కూతుర్ని ఒంటరిగా వదలలేక పల్లకిలో తనతోనే తెచ్చుకున్నాడు. అప్పటికింకా అరవై కాయలున్నాయి.

"తప్పుకో సోమా. నేనింక ఆగలేను" అన్నాడు రాజు. ఆయన గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

కొండవాళ్ళంతా వచ్చి చెట్లకి అడ్డంగా నిలబడ్డారు. అవ్వ ముందుకొచ్చింది. "బాబూ, వాడు మసి పూసుకుని బూడిద ఊదేవాడు. నిప్పుకి వాడు బెదురుతాడేటి? అడవి కాలిపోయి వాడు కాలకపోతే అప్పుడేటి చేస్తావు? నీకు కూతురూ ఉండదు, మాకు కొండా ఉండదు."

రాజు పల్లకి వైపు చూశాడు. "ఉరుము వినబడేదాకా ఆగుతాను. ఉరిమితే మాత్రం నిప్పు పెట్టేస్తాను. తండ్రిని, ఏమీ చెయ్యకుండా చూస్తూ కూర్చోలేను."

సైనికులు నడుములకున్న కత్తులు విప్పి పక్కన పెట్టి, బుట్టలు కట్టుకున్నారు. సొనాయి వాళ్ళకీ రెండు వేళ్ళతో తిప్పడం నేర్పింది. అరవై ఇరవైమూడయ్యాయి. ఇరవైమూడు తొమ్మిదయ్యాయి. రాజు వచ్చిన ఆరో రోజు పొద్దున్నకి రెండు మిగిలాయి. ఒకటి వాలు పైన ఊట దగ్గర, ఒకటి వాలు కింద పందిరిలో. రెండూ ఒకలాంటి పచ్చే.

ఆ మధ్యాహ్నం పడమటి కొండ వెనక మబ్బు పట్టింది. నల్లటి మబ్బు. రాజు కాగడా చేతిలోకి తీసుకున్నాడు, ఇంకా వెలిగించలేదు. సోమకేతు పరుగెత్తి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నగారూ, వాడు వచ్చేస్తాడు. నాకు కాసేపు చాలు. వాడు రాగానే మీరు చిలకని పట్టుకుని, ప్రాణం దొరికిందని అరవండి. మీరూ మోసపోయారనే వాడు నమ్ముతాడు."

"నిజంగా విరిచెయ్యరు కదా?" అంది చిలక. రాజు దాని తల నిమిరాడు.

అవ్వ కషాయం తెచ్చింది. "నీ చేతికొచ్చేది నూరేళ్ళ నిద్ర బాబూ. మా ఇంటి పిల్ల తెంపితే, పచ్చిది ముట్టమన్న ఒట్టు తప్పినట్టు, ఈ వాలు వదిలి పోవాలి. నీకు ఆ ఒట్టు లేదు. కాని నిద్ర నిన్నూ వదలదు. కళ్ళు మూతపడకముందే నలిపెయ్యాలి." సోమకేతు మూడు బుర్రలు తాగాడు. గుండె డప్పులా కొట్టుకుంది.

ఉరిమింది.

ఆ ఉరుముతోపాటే మసిజడల మాంత్రికుడు పల్లకి పక్కన దిగాడు. "మామగారూ, వానొచ్చింది. పిల్లనివ్వండి" అన్నాడు.

"దొరికిందిరా నీ ప్రాణం" అని రాజు చిలకని మెడ పట్టి పైకెత్తాడు. "ఇదిగో, విరిచేస్తున్నాను." చిలక కళ్ళు తేలేసి, కాళ్ళు కొట్టుకుని, నిజంగా చచ్చిపోతున్నట్టే అరిచింది. మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. పన్నెండో చిలక అన్నాడు, విరవండి అన్నాడు, నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాడు.

సొనాయి ఊట దగ్గరి చెట్టెక్కి కాయని అటూ ఇటూ తిప్పి చూసింది. కాయ రంగు తిరిగేది అడుగునుంచి, ముచ్చిక దగ్గర్నించి కాదు. ఆ అడుగున గోరంత పసుపు కనబడింది. "ఇది మనదే. కిందది, కిందది" అని చెయ్యి ఊపింది.

సోమకేతు పందిట్లోకి దూరాడు. ఆ కాయని రెండు వేళ్ళతో పట్టి తిప్పాడు. అది కొమ్మని వదల్లేదు. ఇన్ని రోజులుగా వదిలెయ్యడం నేర్చుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. మళ్ళీ గట్టిగా లాగాడు. కాయ ఊడింది. వేళ్ళు మొద్దుబారాయి, మోచెయ్యి మొద్దుబారింది, భుజం మొద్దుబారింది. నలపడానికి వేళ్ళు వంగలేదు. కళ్ళు వాలిపోతున్నాయి. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, కాయని నోట్లో పెట్టుకుని పళ్ళతో కొరికాడు.

మామూలు కాయలో రెండు గింజలుంటాయి. అందులో వెచ్చటి బూడిద ఉంది. అతను దాన్ని ఉమ్మేశాడు. మాంత్రికుడి నవ్వు మధ్యలో తెగిపోయింది. వాడు కూర్చున్నచోట మసికుప్ప మిగిలింది. అప్పుడే వాన మొదలై ఆ మసిని వాగులోకి కడిగేసింది.

పల్లకిలోంచి పకపకా నవ్వు వినబడింది. హేలావతి లేచి కూర్చుని, ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి నవ్వుతోంది. రాజు తడుస్తూ పల్లకి పట్టుకుని ఏడ్చాడు. చిలక మెడ తడుముకుంటూ పల్లకి మీద వాలింది.

కాని సోమకేతు లేవలేదు. పందిట్లో పడి నిద్రపోతున్నాడు. సొనాయి అతని తల ఒళ్ళో పెట్టుకుని కషాయం చెంచాడు చెంచాడుగా పోసింది. మొదటి బుర్ర అయింది, కదల్లేదు. రెండో బుర్ర అయింది, కదల్లేదు. నాలుగో రోజుకి ఊట దగ్గరి ఆఖరి కాయ ఎర్రబడితే, దాన్ని కోసి, వేయించి, దంచి, మూడో బుర్ర కాచారు. ఆ పిల్ల తొందరలో సగం కింద పోసింది. మిగతా సగం లోపలికి పోయాక అతను దగ్గాడు.

"వాన ఆగిందా?" అని అడిగాడు.

"ఆగితే ఆగింది, ఆగకపోతే మానింది. నువ్వు లేచావు" అంది సొనాయి, అని ఏడ్చేసింది.

వెండికోటలో అన్నలిద్దరికీ కషాయం పట్టారు. మాంత్రికుడు పోయాడు గనక వాళ్ళూ లేచారు. విజయకేతు సిగ్గుపడుతూ కొండకి వెళ్ళి, తాను నరికించిన చోట నీడ మొక్కలు నాటడానికి నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయాడు.

సోమకేతు సొనాయిని అడిగితే, అవ్వ వాళ్ళ పద్ధతి చెప్పింది. పెళ్ళికొడుకు తన చేత్తో దుంగ తొలిచి వాలులో కట్టాలి. ఈగలు వాటంతట అవి వచ్చి చేరితేనే పెళ్ళి. అతను దుంగ కట్టి, రోజూ వెళ్ళి చెవి ఆనించి వినేవాడు. ముప్పై రోజులు నిశ్శబ్దమే. రాజుగారు కబురు మీద కబురు పంపించారు, ఈగలకి చెప్పి చూడమని. నలభై ఒకటో రోజున లోపల జుమ్మని వినబడింది. పెళ్ళి ఏడు మలుపుల కొండ మీద ఒకసారి, వెండికోటలో ఒకసారి జరిగింది. రెండు చోట్లా చిలకకి జామపండ్లే.

తర్వాత అన్నలు వద్దనడంతో సోమకేతే రాజయ్యాడు, సొనాయి రాణయ్యింది. చాలాకాలం చక్కగా ఏలారు. ఆయన కాలంలో ఆ కొండ మీద గొడ్డలి పడలేదు. కొండవాళ్ళు మాత్రం తమ పద్ధతిలో ఒక్కటి మార్చుకున్నారు. మూడు కోతల తర్వాత నాలుగో కోత అని పెట్టుకున్నారు. దాంట్లో ఏమీ కోయరు. వదిలేసినవాటిని తిరిగి చూసి వస్తారు, అంతే.

ఆ నాలుగో కోతకి సోమకేతు ఏటా చెప్పులు విప్పి, బుట్ట లేకుండా వెళ్ళేవాడు. జుట్టు నెరిసినా మానలేదు. ఎక్కడైనా ఒక పచ్చి కాయ కనబడిందంటే, ఆ రోజంతా ఆయనకి అన్నం దిగేది కాదు. రాణి పక్కనే కూర్చునేది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి చూసేవారు. మళ్ళీ మర్నాడు. అది ఎర్రబడి కనబడిన రోజున, ఇద్దరూ ఇంటికొచ్చి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయేవారు.